ఖరీదైన ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు, ఎడమకు జరిగిన డప్పు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో ఇయర్‌ఫోన్ల డ్రైవర్లు (లోపల సౌండ్ పుట్టించే భాగాలు) ఏవీ పాడవలేదు. అరవై వేలకు పైగా పెట్టి కొన్న, చెవి రంధ్రంలోకి దూర్చుకునే ఇన్-ఇయర్ జత అది. ఒక్కో వైపు నాలుగు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చిన్న రకం డ్రైవర్లు, విడదీసే కేబుల్, మార్చుకోగల ఫిల్టర్లు ఉన్న మంచి మోడల్. అయినా దాన్ని నమ్ముకుని మిక్స్ చేసిన (గొంతును, వాయిద్యాలను సరిచూసి కలిపిన) పాటలు బయట తేడాగా వినిపించాయి. కారణాలు మూడు దొరికాయి. ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పేయడంతో ఏ లోపం ఎక్కడ పుట్టిందో వాటిని నా దగ్గరికి తెచ్చిన తమ్ముడికి అంతు చిక్కలేదు.

నేను నల్లగొండలో ఆడియో సర్వీస్ చేస్తాను. స్టేజీ కళాకారులకు ఇన్-ఇయర్ మానిటర్లు సెట్ చేయడం, ఇయర్‌ఫోన్ల రిపేరు, చిన్న స్టూడియోలకు సౌండ్ సరిచూడటం నా పని. జానపద పాటల యూట్యూబ్ ఛానళ్లు పెరిగాక, ఇంట్లో ఒక గదినే స్టూడియో చేసుకున్న కుర్రాళ్లు ఎక్కువగా వస్తున్నారు. స్పీకర్లు పెట్టి గట్టిగా వింటే ఇంట్లోవాళ్లకు, పక్కింటివాళ్లకు ఇబ్బంది. అందుకే ఉన్న డబ్బంతా ఇయర్‌ఫోన్ల మీద పెడతారు. ఈ తమ్ముడిది హాలియా వైపు ఊరు. పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు.

అతని ఫిర్యాదు అతని మాటల్లోనే: "అన్నా, నేను వింటే మంచిగనే ఉంటది. బరాత్‌ల డీజే బాక్సుల మీద పెడితే 'స', 'శ' వచ్చిన కాడల్లా చెవుల గుచ్చినట్టు అయితంది. వేరేవాళ్ల ఇయర్‌ఫోన్ల వింటే డప్పు ఎడమ దిక్కు జరిగి ఉంటంది. నాకేమో నడిమిట్లనే వినవడుతది." ఎవరో సలహా ఇచ్చారట, వెండి పూత కేబుల్ ఒకటి, 4.4 మిల్లీమీటర్ల జాక్ ఉన్న బ్యాలెన్స్‌డ్ ఆంప్ (ఎక్కువ పవర్ ఇచ్చే ఆంప్లిఫైయర్) ఒకటి కొంటే సెట్ అవుతుందని. రెండూ కలిపి యాభై వేలకు దగ్గర. ఆర్డర్ పెట్టకముందే వచ్చాడు కాబట్టి, ముందు చూద్దాం ఆగమన్నాను.

ఇయర్‌ఫోన్లు ముట్టుకోకముందే అతని ల్యాప్‌టాప్‌లో పాట ప్రాజెక్ట్ ఫైల్ తెరిపించాను. మిక్స్ చేసేవాడు తనకు వినిపించని దాన్ని తెలియకుండానే పెంచుతాడు. కాబట్టి చెవికి ఏం అందడం లేదో ఫైల్ చూస్తే తెలిసిపోతుంది. డప్పు, బేస్ రెండూ ఎడమకు కొద్దిగా జరిపి ఉన్నాయి. గొంతు మీద, మొత్తం మిక్స్ మీద కూడా ట్రెబుల్ (పై స్వరాలు) బాగా ఎత్తి ఉంది. అంటే ఎడమ చెవికి కింది స్వరాలు అందడం లేదు, ట్రెబుల్ ఎక్కడో తగ్గుతోంది. ఊరేగింపు డీజే సెట్లు చాలావరకు మోనోలోనే కలిపి ఉంటాయి. అందుకే డప్పు పక్కకు జరిగిన సంగతి బరాత్‌లో ఎవరికీ తెలియలేదు, ఇయర్‌ఫోన్లలో విన్నవాళ్లకే తెలిసింది. ట్రెబుల్ పోటు మాత్రం బాక్సుల్లో దాగలేదు.

తర్వాత కేబుల్ విప్పి ఎడమ ప్లగ్ కుడి ఇయర్‌ఫోన్‌కి, కుడిది ఎడమకి పెట్టించాను. లోపం సోర్స్‌లోనో కేబుల్‌లోనో ఉంటే రెండో చెవికి మారాలి. మారలేదు. ఎడమ చెవిలో బేస్ లేకపోవడం ఎడమలోనే, కుడి చెవిలో మసక కుడిలోనే ఉండిపోయాయి. అరనిమిషం పట్టే ఈ పరీక్షతో పదిహేను వేల కేబుల్ సంగతి తేలిపోయింది. ఇతనిది ఎంఎంసీఎక్స్ కనెక్టర్, గుండ్రంగా తిరిగే రకం, దాన్ని తిరగేసి పెట్టడం కుదరదు. రెండు పిన్నుల కేబుల్ వాడేవాళ్లు మాత్రం ఇంకొకటి చూసుకోవాలి. ఒక వైపు ప్లగ్ తిరగబడితే ఆ చెవిలో ఫేజ్ (ధ్వని తరంగం ఊగే దిశ) తారుమారై, మధ్యలో ఉండాల్సిన గొంతు తల చుట్టూ చెదిరినట్టు అవుతుంది. మోనో పాట ఒకటి పెట్టి, గొంతు సరిగ్గా నడుమ నిలబడుతుందో లేదో వింటే చాలు.

అప్పుడు రెండు ఇయర్‌ఫోన్లనూ కప్లర్ మీద పెట్టి కొలిచాను. నా దగ్గరున్నది ఐఈసీ 60318-4 ప్రమాణం నమూనాలో చేసినది. మనిషి చెవి లోపలి గాలి పరిమాణాన్ని పోలిన చిన్న లోహపు గది, చివర ఒక మైకు, అంతే. ఎడమది శుభ్రంగా వచ్చింది, బేస్ ఎక్కడా తగ్గలేదు. కుడిది 4 కిలోహెర్ట్జ్ దాకా ఎడమతో కలిసి నడిచి, ఆ పైన ఏడు డెసిబెల్స్ దాకా కిందికి జారింది. దీంతో రెండు సంగతులు తేలాయి. కుడి లోపం ఇయర్‌ఫోన్‌లో ఉంది. ఎడమ లోపం ఇయర్‌ఫోన్‌లో లేదు, అది చెవిలో కూర్చునే తీరులో ఉంది.

కుడిది తేలిక. నాజిల్ (చెవిలోకి దూరే గొట్టం) మూతి దగ్గర ఫిల్టర్ జాలీ మీద గులిమి పలచగా పేరుకుని ఉంది. మామూలుగా చూస్తే కనిపించదు, భూతద్దం కింద మెరిసింది. జాలీ రంధ్రాలు సగం మూసుకున్నా మొదట పోయేది ట్రెబులే. ఫిల్టర్ మార్చి మళ్లీ కొలిస్తే రెండు వైపులా ఒక డెసిబెల్ తేడా లోపలికి వచ్చాయి. ఇలాంటివి శుభ్రం చేసేటప్పుడు మూతి కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి. పైకి పట్టుకుని దులిపితే మురికి లోపలికే పోతుంది. పిన్నుతో పొడవడం, స్పిరిట్‌లో ముంచడం రెండూ ఇయర్‌ఫోన్‌ను చంపే పనులు. చెవి లోపల నేను చూడను, అది నా పని కాదు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపాను. కుడి చెవిలో గులిమి గట్టిపడి ఉందని తీసేశారట. ఇయర్‌ఫోన్ ఎక్కువసేపు పెట్టుకునేవాళ్లకు గులిమి బయటికి వచ్చే దారి ఉండదు, లోపలికే నెట్టుకుపోతుంది. దూది పుల్లలు దాన్ని ఇంకా లోపలికి తోస్తాయి.

ఎడమ చెవి దగ్గర ఎక్కువ సమయం గడిపాను. ఖరీదైన ఇన్-ఇయర్ వాడే ప్రతి ఒక్కరూ ముందు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉందని నా నమ్మకం. ఇన్-ఇయర్‌లో బేస్ పుట్టేది మూసి ఉన్న చిన్న గాలి గదిని డ్రైవర్ నొక్కడం వల్ల. టిప్ (నాజిల్‌కి వేసే మెత్తని తొడుగు) పక్కన సన్నని సందు ఉన్నా, పంక్చర్ అయిన ట్యూబ్‌కి గాలి కొట్టినట్టే అవుతుంది. నెమ్మదిగా ఊగే కింది స్వరాల ఒత్తిడి ఆ సందులోంచి జారిపోతుంది, వేగంగా ఊగే పై స్వరాలకు జారిపోయే వ్యవధి ఉండదు. 100 హెర్ట్జ్ కింద పది, ఇరవై డెసిబెల్స్ కూడా పోవచ్చు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లకు ఈ సందు ఇంకా చెరుపు. గాలి రంధ్రం ఉన్న డైనమిక్ డ్రైవర్లు (చిన్న స్పీకర్ లాంటివి) కొంత ఓర్చుకుంటాయి, ఇవి ఓర్చుకోవు.

అతను డబ్బాలో వచ్చిన మీడియం సిలికాన్ టిప్పులే రెండు చెవులకూ వాడుతున్నాడు. 40 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఎడమ ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమమన్నాను. ముఖం మారిపోయింది. "అన్నా, ఇప్పుడు వచ్చింది డప్పు!" టోనే పెట్టాను, డప్పు కాదు. కానీ అతని చెవి ఇన్నాళ్లూ దేని కోసం వెతుకుతోందో ఆ మాటలో తెలిసింది. వేలు తీస్తే మళ్లీ మాయం. అదిమితే బేస్ పెరిగిందంటే సీల్ లేదని, అంటే టిప్ చెవిని పూర్తిగా మూయలేదని అర్థం. సీల్ సరిగా ఉంటే అదిమినా పెద్దగా మారదు.

రెండు చెవుల రంధ్రాలు ఒకే సైజులో ఉండాలని లేదు. ఇతనికి ఎడమది పెద్దది. ఎడమకు లార్జ్, కుడికి మీడియం పెట్టించాను. ఒకే మెటీరియల్, ఒకే కంపెనీ, సైజు మాత్రమే వేరు. ఒక వైపు ఫోమ్, ఒక వైపు సిలికాన్ పెడితే ట్రెబుల్ రెండు వైపులా రెండు రకాలుగా వస్తుంది, మిక్సింగ్‌కి పనికిరాదు. ఫోమ్ వల్ల సీల్ సులువుగా దొరుకుతుంది, నిజమే, కానీ అది పై స్వరాలను కొంచెం మింగుతుంది. పైగా మా నల్లగొండ ఎండాకాలంలో చెమట పీల్చి త్వరగా బిగువు పోతుంది. ఏసీ లేని గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు నేను సిలికానే చెబుతాను. ప్రయాణాలకు మాత్రం ఫోమ్ హాయి.

టిప్ సైజు దొరికాక నోరు కదిలించే పరీక్ష చేయాలి. టోన్ నడుస్తుండగా నోరు బాగా తెరవమన్నాను, 'ఆ', 'ఈ' అనమన్నాను, నవ్వమన్నాను. దవడ కదిలితే చెవి లోపలి దారి ఆకారం మారుతుంది. పాత టిప్‌తో నోరు తెరవగానే బేస్ ఎగిరిపోయేది. గాయకుల కోసం చెవి అచ్చు తీసి కస్టమ్ ఇన్-ఇయర్లు చేసేటప్పుడు నోట్లో చిన్న దిమ్మె పెట్టి నోరు తెరిపించి అచ్చు తీసేది ఇందుకే. లార్జ్ టిప్‌తో నవ్వినా పాడినా బేస్ నిలబడింది.

పెట్టుకునే పద్ధతి కూడా మార్పించాను. తలమీదుగా రెండో చేత్తో చెవి పై కొనను పైకి, వెనక్కి లాగి, నోరు కొంచెం తెరిచి, టిప్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి పంపి, చెవి వదిలేయాలి. పొడిగా ఉండి జారకపోతే టిప్‌ను కాస్త తడి చేసుకోవచ్చు. నొప్పి వస్తే ఆగిపోవాలి. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా, ముందు సీల్ విప్పి తీయాలి, లేకపోతే కర్ణభేరి మీద లాగుడు పడుతుంది.

లోతుగా పెట్టడం వల్ల బేస్ ఒక్కటే కాదు, ట్రెబుల్ స్వభావం కూడా మారుతుంది. నాజిల్ నుంచి కర్ణభేరి దాకా ఉండే గాలి స్తంభానికి సొంతంగా మోగే ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది. ఆ పొడవు 26 మిల్లీమీటర్లు ఉంటే సుమారు 6.6 కిలోహెర్ట్జ్ దగ్గర, 21 ఉంటే 8.2 దగ్గర మోగుతుంది. 'స', 'శ' పలికే పోటు ఎక్కువగా ఉండేది 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. అంటే ఇయర్‌ఫోన్ పైపైన పెట్టుకుంటే చెవి మోత సరిగ్గా గొంతు పోటు మీద వచ్చి కూర్చుంటుంది. లోతుగా పెట్టుకుంటే దాన్ని దాటి పైకి పోతుంది. 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా టోన్‌ను నెమ్మదిగా జరుపుతూ వినిపిస్తే, ఎడమ చెవిలో మొదట ఆరున్నర దగ్గర గీరింది. సీల్ కుదిరి లోపలికి వెళ్లాక ఎనిమిది దాటింది. ఎడమలో పలచగా, గీరుతూ. కుడిలో మందంగా, మసకగా. ఈ రెండింటి సగటును చెవులు 'మంచిగనే ఉంది' అని ఒప్పుకున్నాయి. మనిషి వినికిడి ఎంత తొందరగా సర్దుకుపోతుందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4 నుంచీ మూడు వరుసల టిప్‌తో లోతుగా పెట్టే పద్ధతి ఉంది. మనవాళ్లు దాన్ని ఇబ్బంది అనుకుని వదిలేస్తారు, సౌండ్‌లో సగం అక్కడే పోతుంది.

ఇక మూడో కారణం. ఫోన్ డాంగిల్‌లో (ఫోన్‌కి తగిలించే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్‌లో) ఇవే ఇయర్‌ఫోన్లు బాగుంటాయని, స్టూడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) మందంగా ఉంటాయని అతనే మాటల మధ్యలో అన్నాడు. ఇంటర్‌ఫేస్ ఖరీదైనది కాబట్టి అదే నిజమైన సౌండ్ అనుకున్నాడు. హెడ్‌ఫోన్ జాక్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి మీటర్ పెట్టాను. ఏమీ తగిలించనప్పుడు 0.500 వోల్టులు, 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే 0.384. లెక్క వేస్తే ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (జాక్ లోపలి విద్యుత్ నిరోధం) సుమారు 10 ఓమ్‌లు. పెద్ద హెడ్‌ఫోన్లకు అది సమస్యే కాదు. కానీ ఈ ఇయర్‌ఫోన్ల ఇంపీడెన్స్ ఒక చోట నిలవదు. కింది స్వరాల దగ్గర 15 ఓమ్‌లు, పై స్వరాల దగ్గర 6 ఓమ్‌ల దాకా దిగుతుంది. 10 ఓమ్‌ల జాక్ నుంచి వస్తే 15 ఓమ్‌ల చోట 4.4 డెసిబెల్స్, 6 ఓమ్‌ల చోట 8.5 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే బేస్‌తో పోలిస్తే ట్రెబుల్ నాలుగు డెసిబెల్స్ కిందికి పోయింది. ఈక్వలైజర్‌లో చేయిపెట్టి తిప్పినట్టే. ఆ నాలుగు డెసిబెల్స్‌నీ, మసకబారిన కుడి ఫిల్టర్ మింగినదాన్నీ కలిపి అతను మిక్స్‌లో ట్రెబుల్ ఎత్తాడు. డీజే బాక్సుల్లో 'స' గుచ్చింది ఆ పెంచిన ట్రెబులే.

ఒక ఓమ్ ఇంపీడెన్స్ ఉన్న జాక్ అయితే ఇదే తేడా ఒక డెసిబెల్ లోపే ఉంటుంది. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే సోర్స్ ఇంపీడెన్స్ తక్కువ ఉండాలన్నది పాత నియమం. మల్టీ-డ్రైవర్ ఇన్-ఇయర్లకు అది ఇంకా కచ్చితంగా పాటించాలి. కాబట్టి రికార్డింగ్‌కు ఇంటర్‌ఫేస్ అలాగే ఉంచి, మిక్స్ వినడానికి ల్యాప్‌టాప్‌కి చిన్న యూఎస్‌బీ డాంగిల్ పెట్టించాను. ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ లాంటి చవక వస్తువు ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక ఓమ్ దగ్గరే ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అది తక్కువ సౌండ్ ఇస్తుంది, ల్యాప్‌టాప్‌లో ఆ ఇబ్బంది లేదు. ఇంటర్‌ఫేస్‌లో పాట ఆగినప్పుడు వినిపించే 'హిస్' కూడా దీంతో పోయింది. బ్యాలెన్స్‌డ్ ఆంప్ ఆలోచన ఇక్కడితో ఆగింది. ఇంత సెన్సిటివ్ ఇయర్‌ఫోన్లకు పవర్ కొరత ఎప్పుడూ ఉండదు.

వాల్యూమ్ సంగతి విడిగా మాట్లాడాను. మే నెలలో అతని గదిలో కూలర్ ఆగదు. సీల్ లేని చెవిలోకి ఆ హోరు దూరుతుంది, దాన్ని దాటడానికి వాల్యూమ్ పెంచుతాడు. పెంచితే చెవి బేస్‌ను, ట్రెబుల్‌ను వినే తీరే మారిపోతుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. తక్కువ సౌండ్‌లో మన చెవి కింది స్వరాలను సరిగా పట్టదు, సౌండ్ పెరిగేకొద్దీ అవి పైకొస్తాయి. అందుకే ఎప్పుడూ ఒకే స్థాయిలో మిక్స్ చేయాలి. ఆరోగ్యం లెక్క కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 90 అయితే వారానికి 4 గంటలే. రోజంతా మిక్స్ చేసేవాడికి ఆ 4 గంటలు ఒక్క పూటలో అయిపోతాయి. చెవే జీవనాధారం అయినవాడు ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోవాలి. సీల్ కుదిరాక కూలర్ హోరు దానంతటదే తగ్గింది, వాల్యూమ్ చాలా కిందికి దించినా అన్నీ వినిపించాయి.

ఇవన్నీ అయ్యాకే ఈక్వలైజర్ తెరిచాం. చాలామంది మొదట అదే తెరుస్తారు. సీల్ లేని చెవికి ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే డ్రైవర్ అలిసిపోతుంది తప్ప సందు మూసుకోదు. ఇతనికి ఎనిమిది దాటిన చోట మిగిలిన మోతను సన్నగా మూడు డెసిబెల్స్ తగ్గించాం, అంతకుమించి ఏమీ చేయలేదు. ఏదైనా బ్యాండ్ పెంచాల్సి వస్తే ప్రీఆంప్‌ను (ఈక్వలైజర్‌లో మొత్తం సౌండ్ స్థాయిని) అంతే మేరకు తగ్గించుకోవాలి, లేదంటే క్లిప్ అవుతుంది, అంటే సౌండ్ పగులుతుంది. ముందూ తర్వాతా పోల్చేటప్పుడు రెండింటి సౌండ్ స్థాయి సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే ఎవరికైనా మెరుగ్గా అనిపిస్తుంది.

బ్లూటూత్‌లో సౌండ్ పంపే ఎల్‌డాక్ అనే పద్ధతి 990 కేబీపీఎస్‌లో మంచిదా, పాటలు లాస్‌లెస్‌లో (సౌండ్ ఏమీ పోగొట్టని ఫైళ్లలో) వినాలా అని కూడా అడిగాడు. రిఫరెన్స్ పాటలు డేటా సేవర్ మోడ్‌లో వినొద్దని, మిక్సింగ్ ఎప్పుడూ వైరుతోనే చేయమని చెప్పి ఆపాను. అతని సమస్య అక్కడ లేదు.

మొదటి రోజుల్లో అతనికి కొత్త సౌండ్ నచ్చలేదు. "బేస్ మస్తు ఎక్కువైంది అన్నా, ట్రెబుల్ కూడ" అని ఫోన్ చేశాడు. కొత్త పాట మిక్స్ చేయొద్దని, తనకు బాగా తెలిసిన పాటలు మాత్రమే వింటూ ఉండమని చెప్పాను. చెవి పాత తప్పుకు అలవాటు పడి ఉంటుంది, దానికి టైమ్ ఇవ్వాలి. బతుకమ్మ పాటల సీజన్‌కి చేసిన కొత్త మిక్స్ పంపినప్పుడు ఫైల్ చూశాను. డప్పు నడుమ ఉంది. గొంతు మీద ఎత్తిన ట్రెబుల్ దాదాపు సున్నాకి వచ్చింది. 'స' దగ్గర నేను వేరే స్పీకర్లలో విన్నా గుచ్చలేదు. టిప్పులు, ఫిల్టర్లు, డాంగిల్, డాక్టర్ ఫీజు, నా మజూరీ అన్నీ కలిపినా ఐదు వేలు దాటలేదు.

ఇన్-ఇయర్‌తో తేలనివి రెండు ఉన్నాయి, అవి అతనికి వివరంగా చెప్పాను. స్పీకర్లలో ఎడమ సౌండ్ కుడి చెవికీ కొంత చేరుతుంది, ఇన్-ఇయర్‌లో అస్సలు చేరదు. కాబట్టి పక్కలకు జరిపిన వాయిద్యాలు ఇయర్‌ఫోన్లలో ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తాయి. అలాగే 40 హెర్ట్జ్ కింద డీజే బాక్స్ ఏం చేస్తుందో ఏ ఇయర్‌ఫోనూ చెప్పదు. అందుకే ఇప్పుడు అతను చివరి మిక్స్‌ను మోనో చేసి ఒకసారి, ఊళ్లో ఉన్న డీజే సెట్ మీద తక్కువ సౌండ్‌లో ఒకసారి విని గానీ అప్‌లోడ్ చేయడం లేదు. ఇయర్‌ఫోన్లను పని కాగానే తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెడుతున్నాడు. చెమట తడి నాజిల్‌లో చేరినా ఒక వైపు సౌండ్ తగ్గినట్టే అవుతుంది, ఆరితే తిరిగి వస్తుంది. కుడి ఫిల్టర్‌ను దీపావళి తర్వాత మళ్లీ కప్లర్ మీద చూడాలి. ఆ చెవిలో గులిమి తొందరగా చేరుతుందని డాక్టర్ కూడా అన్నారట.